వచ్చిన ఎక్కం ఎటు పోయింది?

“రాత్రి ఏడో ఎక్కం మొత్తం అప్పజెప్పాడండీ. ఏడు పదుల డెబ్భై దాకా గడగడా చెప్పేశాడు. పొద్దున్నే బండి మీద బడికి తీసుకెళ్తూ మళ్లీ అడిగితే ఏడు మూళ్ల దగ్గరే ఆగిపోయాడు. నిన్న చదివిన గుర్తే లేదు వాడికి. కోపం ఆపుకోలేక బండి పక్కకు తీసి ఒక్కటి వేశాను...”

ఆ మాట చెబుతూ ఆ తండ్రి నేల చూపులు చూశాడు. అది ఒక ఆసుపత్రిలో పిల్లల నరాల వైద్యుల గది ముందున్న బల్ల. ఆయన పక్కనే తొమ్మిదేళ్ల కొడుకు. నాలుగో తరగతి. ఆరేళ్ల వయసులో మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. తాళాల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, తాయెత్తు కట్టించడం... అన్నీ అయ్యాక డాక్టరు దగ్గరకు వచ్చారు. మందులు మొదలుపెట్టారు. రెండేళ్లుగా ఒక్కసారి కూడా కింద పడలేదు. “తగ్గిపోయింది కదా, ఇంకేం బాధ?” అంటున్నారట చుట్టాలు.

బాధ బడి డైరీలో ఉంది. ఎర్ర సిరాతో పేజీ పేజీకీ ఒకటే మాట: ‘శ్రద్ధ లేదు. ఇంట్లో చదివించండి’. యూనిట్ టెస్టులో నూటికి ఇరవై కూడా దాటడం లేదు. వచ్చే ఏడాది ఇంకో బడి చూసుకోమని యాజమాన్యం మెల్లగా చెప్పేసింది. “బద్ధకమా, నాటకమా, నిజంగానే బుర్రకు ఎక్కడం లేదా? ఏదో ఒకటి తేలిస్తే చాలండీ” అన్నాడాయన.

తేలాల్సిన మాటే అది. మూర్ఛ ఉన్న పిల్లల ఇళ్లలో అందరూ ఫిట్స్ వచ్చాయా, రాలేదా అన్న లెక్క రాసుకుంటారు. పిల్లవాడు ఎలా ఆలోచిస్తున్నాడు, ఏం గుర్తుపెట్టుకోగలుగుతున్నాడు అన్న లెక్క మాత్రం ఎవరూ రాయరు. ఆ రెండో లెక్క తప్పినప్పుడు తిట్లూ దెబ్బలూ తినేది పిల్లలే.

ఆగిన ఫిట్స్... ఆగని ఇబ్బంది

ప్రపంచవ్యాప్తంగా సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సరిగ్గా గుర్తించి సరైన మందులు ఇస్తే వీరిలో 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని కూడా అదే సంస్థ చెబుతోంది. ఇది ఎంతో ఊరటనిచ్చే మాట. కానీ మాట ఇక్కడితో పూర్తి కాలేదు.

ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో మూర్ఛ ఉన్న 5 నుంచి 15 ఏళ్ల పిల్లలు 85 మందిని పరిశోధకులు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పరీక్షించారు. ఆ ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. వారిలో 80 శాతం మందికి తెలివితేటల్లోనో, ప్రవర్తనలోనో, రెండింట్లోనో ఇబ్బంది కనిపించింది. ప్రవర్తన సమస్యలున్న వారిలో అంతకుముందే ఆ సంగతి గుర్తించింది మూడో వంతు మందిలోనే. అన్ని వసతులూ ఉన్న దేశంలోనే పరిస్థితి అది.

ఇంకో చిన్న మార్పు కూడా ఇదే సంగతి చెబుతుంది. నిద్రలో మూతి ఒక పక్కకు లాగడం, నోట్లోంచి చొంగ కారడం, మాట రాకపోవడం వంటి లక్షణాలతో బడి ఈడు పిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛ ఉంది. టీనేజీ దాటేసరికి చాలామందిలో దానంతటదే పోతుంది. అందుకే ఏళ్ల తరబడి వైద్యులు దాని పేరులో ‘హాని లేనిది’ అన్న అర్థం వచ్చే మాట వాడారు. 2017లో అంతర్జాతీయ మూర్ఛ వైద్య సంఘం ఆ మాటను పక్కన పెట్టమంది. ‘తనంతట తాను తగ్గేది’ అంటే చాలు, హాని లేదనకండి అని చెప్పింది. ఫిట్స్ పోతాయి సరే, ఈలోగా కొందరు పిల్లలు చదువులో, భాషలో వెనకబడుతున్నారని తెలిసింది కాబట్టే ఆ మార్పు.

జ్ఞాపకం ఒకే డబ్బా కాదు

‘మతిమరుపు’ అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ, విన్నది గుర్తుండాలంటే నాలుగు పనులు జరగాలి. ముందు చెవి పెట్టి వినాలి. విన్నదాన్ని కాసేపు మనసులో పట్టుకుని ఉండాలి. దాన్ని దాచుకోవాలి. కావలసినప్పుడు బయటకు తీయాలి. మూర్ఛ ఉన్న పిల్లల్లో వీటిలో ఏ మెట్టు దగ్గరైనా కాలు జారవచ్చు.

వినే దగ్గరే జారితే పాఠం లోపలికే వెళ్లదు. పట్టుకునే దగ్గర జారితే, ‘పుస్తకం తీసి, నలభయ్యో పేజీలో మూడో లెక్క చెయ్యి’ అని చెప్పగానే పుస్తకం తీసి దిక్కులు చూస్తూ కూర్చుంటాడు. బయటకు తీసే దగ్గర జారితే, జవాబు తెలిసి కూడా మాట దొరక్క ‘అదీ... అదీ...’ అంటాడు. ఇక దాచుకునే దగ్గర జారితే... మన ఏడో ఎక్కం కథే.

దాచుకునే పని మెదడులో ఎక్కడ జరుగుతుందో ప్రపంచానికి నేర్పింది కూడా ఒక మూర్ఛ రోగే. అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్. చిన్నతనంలోనే ఫిట్స్ మొదలై ఎన్ని మందులు వాడినా ఆగలేదు. 1953లో, 27 ఏళ్ల వయసులో, విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆయన మెదడులో కణతల లోపలి వైపు ఉండే భాగాన్ని రెండు పక్కలా తొలగించాడు. సముద్రపు గుర్రం ఆకారంలో ఉండే హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం దాంతోపాటే పోయింది. ఫిట్స్ బాగా తగ్గాయి. కానీ ఆ రోజు నుంచి ఆయనకు కొత్త సంగతి ఏదీ గుర్తుండలేదు. ఏళ్ల తరబడి తనను పరీక్షించిన బ్రెండా మిల్నర్ ఎన్నిసార్లు వచ్చినా కొత్త మనిషిగానే పలకరించేవాడు. 2008లో చనిపోయే దాకా అంతే. ఇప్పుడు అలా రెండు పక్కలా తీసేయరు. కానీ కణతల భాగంలో మొదలయ్యే మూర్ఛ ఉన్న పిల్లల్లో జ్ఞాపకం ఎందుకు దెబ్బతింటుందో అర్థం కావడానికి ఆయన కథే మొదటి పాఠమైంది.

ఇటీవలి పరిశోధనల్లో ఇంకో సంగతి బయటపడింది. మూర్ఛ ఉన్న కొందరు పిల్లలకు ఒక కథ చెప్పి అరగంట తర్వాత అడిగితే మిగతా పిల్లల్లాగే చెబుతారు. వారం తర్వాత అడిగితే మాత్రం వాళ్లకంటే చాలా ఎక్కువ మరిచిపోయి ఉంటారు. అంటే నేర్చుకోలేక కాదు, నేర్చుకున్నది నిలవక. చిక్కేమిటంటే, మామూలు పరీక్షల్లో జ్ఞాపకాన్ని అరగంట తర్వాతే అడిగి చూస్తారు. అక్కడ ‘అంతా బాగానే ఉంది’ అని వస్తుంది. ఇంట్లో ‘రాత్రి వచ్చింది కదరా!’ అని దెబ్బ పడుతుంది.

కారణం ఒకటి కాదు

మొదటిది, అసలు మూర్ఛకు కారణమైన లోపమే. పుట్టినప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం, మెదడువాపు, తలకు దెబ్బ, జన్యులోపం... వీటిలో ఏదైనా ఫిట్స్‌నూ తెస్తుంది, చదువునూ దెబ్బతీస్తుంది. కొందరిలోనైతే మొదటి ఫిట్ రాకముందు నుంచే చదువులో తడబాటు ఉంటుంది.

రెండోది, కంటికి కనిపించని ఫిట్స్. ఫిట్స్ అనగానే కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకోవడమే మనకు గుర్తొస్తుంది. నాలుగేళ్ల నుంచి పదేళ్ల మధ్య పిల్లల్లో ఎక్కువగా మొదలయ్యే ఇంకో రకం ఉంది. పిల్లవాడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతాడు. చూపు నిలబడిపోతుంది. రెప్పలు అల్లల్లాడతాయి. పది సెకన్లలో మళ్లీ మామూలే. రోజుకు పదుల సార్లు ఇలా రావచ్చు. టీచరు పాఠం చెబుతుంటే మధ్యమధ్య లౌడ్‌స్పీకర్ తీగ పీకేస్తే ఎలా ఉంటుందో వాడికి అలా వినిపిస్తుంది. చూసేవాళ్లు ‘పగటి కలలు’ అంటారు. పగటి కలలో ఉన్నవాణ్ని భుజం తడితే పలుకుతాడు, ఇందులో పలకడు. ఆసుపత్రిలో ఒక కాగితం ముక్క ఎదురుగా పెట్టి మూడు నిమిషాలు గట్టిగా ఊదిస్తారు. ఈ రకం మూర్ఛ ఉంటే చాలాసార్లు అక్కడే డాక్టరు కళ్లెదుటే బయటపడుతుంది.

మూడోది, నిద్ర. పగలు నేర్చుకున్నదాన్ని మెదడు సర్దిపెట్టుకునేది నిద్రలోనే. కొందరు పిల్లల్లో పగలు ఈఈజీ తీస్తే పెద్దగా ఏమీ ఉండదు, నిద్రపోగానే మెదడులో విద్యుత్తు అలజడి మొదలవుతుంది. అరుదుగానైనా ఇది తీవ్రంగా ఉంటే వచ్చిన మాటలే పోతాయి. 1957లో లాండౌ, క్లెఫ్నర్ అనే ఇద్దరు నిపుణులు ఇలాంటి పిల్లల గురించి రాశారు. చక్కగా మాట్లాడే పిల్లలు పిలిస్తే పలకడం మానేస్తారు. చెవుడు వచ్చిందేమోనని తల్లిదండ్రులు చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్తారు. చెవి బాగానే ఉంటుంది. విన్నదాన్ని మెదడు అర్థం చేసుకోలేకపోతుంది.

మందుల మాట... జాగ్రత్తగా

నాలుగో కారణం మందులు. ఇది చదవగానే రేపటి నుంచి మందు ఆపేద్దామని ఎవరూ అనుకోవద్దు. ఉన్నట్టుండి మందు ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. అదీగాక ఫిట్స్ అదుపులో లేకపోతే జ్ఞాపకానికి జరిగే నష్టమే ఎక్కువ. చాలామంది పిల్లల్లో మందు వేశాకే చదువు మెరుగవుతుంది కూడా.

అయితే అన్ని మందులూ ఒకటి కాదు. మన ఊళ్లలో గార్డినాల్ పేరుతో అందరికీ తెలిసిన ఫినోబార్బిటాల్ చవకైనది, ఎందరినో కాపాడింది. కానీ అమెరికాలో జ్వరంతో ఫిట్స్ వచ్చిన 217 మంది పసిపిల్లల మీద చేసిన అధ్యయనం 1990లో వెలువడింది. రెండేళ్ల తర్వాత చూస్తే ఈ మందు ఇవ్వాలనుకున్న పిల్లల సగటు ఐక్యూ, ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన పిల్లలకంటే తక్కువగా ఉంది. మందు ఆపిన ఆరు నెలలకు కూడా ఆ తేడా పూర్తిగా పోలేదు.

ఇందాక చెప్పుకున్న ‘చూపు నిలబడిపోయే’ మూర్ఛ మీద కూడా అమెరికాలోనే 453 మంది పిల్లలతో పెద్ద అధ్యయనం జరిగింది. 2010లో ఫలితాలు వచ్చాయి. ఎథోసక్సిమైడ్, వాల్‌ప్రోయేట్ రెండూ ఫిట్స్‌ను ఒకేలా అదుపు చేశాయి. ఏకాగ్రత లోపం మాత్రం వాల్‌ప్రోయేట్ వాడిన వారిలో 49 శాతం మందికి, ఎథోసక్సిమైడ్ వాడిన వారిలో 33 శాతం మందికి కనిపించింది. టోపిరమేట్‌తో కొందరికి మాట కోసం వెతుక్కోవడం, లెవిటిరాసిటమ్‌తో కొందరికి చిరాకు, కోపం వస్తాయి. కాబట్టి మందు మార్చాక, మోతాదు పెంచాక పిల్లవాడిలో తేడా కనిపిస్తే తేదీతో సహా రాసుకుని డాక్టరుకు చూపించండి. మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా, అలాగే ఉంచాలా అన్నది ఆయన చూసుకుంటారు. మీరు చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు.

ఐదో కారణం మనమే. ఆసుపత్రులకు తిరుగుతూ బడి మానిపించడం, ‘వాడి జోలికి పోకండి, ఫిట్స్ వస్తాయి’ అని తోటిపిల్లల్ని దూరం పెట్టడం, ‘వీడికి చదువెందుకులే’ అని ముందే తీర్మానించడం... ఇవన్నీ మెదడులోని లోపానికి తోడవుతాయి.

బడికి ఏం చెప్పాలి?

చాలామంది తల్లిదండ్రులు బడిలో మూర్ఛ సంగతి దాచిపెడతారు. తెలిస్తే పంపించేస్తారనీ, ఆడపిల్లయితే రేపు పెళ్లికి అడ్డమవుతుందనీ భయం. ఆ భయం ఊరికే రాలేదు. కానీ దాచినందుకు మూల్యం చెల్లించేది పిల్లలే. విషయం తెలియని టీచరుకు వాడు బద్ధకస్తుడిలాగే కనిపిస్తాడు. క్లాసు టీచరుకు ఒక్కరికైనా, డాక్టరు రాసిచ్చిన ఉత్తరంతో చెప్పడం మంచిది.

టీచరు చేయాల్సినవి పెద్ద పనులేం కావు. ముందు బెంచీలో కూర్చోబెట్టడం. ఒకసారికి ఒక్క పనే చెప్పడం. నోటితో చెప్పింది బోర్డు మీద కూడా రాయడం. హోంవర్కు డైరీలో రాసుకున్నాడో లేదో చూడటం. జవాబుకు ఇంకో అర నిమిషం ఆగడం. బడి మానిన రోజుల పాఠం తోటి విద్యార్థితో చెప్పించడం. చూపు నిలబడిపోయిన క్షణాలు కనిపిస్తే ఎన్నిసార్లు, ఏ సమయంలో అన్నది రాసి ఇంటికి పంపితే డాక్టరుకు అంతకు మించిన సాయం లేదు.

ఇక దెబ్బల సంగతి. ఏ పిల్లవాణ్నీ బడిలో కొట్టకూడదని, మానసికంగా వేధించకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. మరిచిపోయినందుకు కొడితే జ్ఞాపకం పెరగదు. బడి అంటే భయం పెరుగుతుంది, అంతే.

ఇంట్లో ఏం చేయాలి?

మన ఇళ్లలో ఒక అలవాటుంది. ఆదివారం కూర్చోబెట్టి మూడు గంటలు చదివించి, అప్పజెప్పించుకుని, హమ్మయ్య అనుకుంటాం. నిలవని జ్ఞాపకానికి ఇది పనికిరాదు. అదే ఎక్కం పది నిమిషాలు చాలు. కానీ మర్నాడు, మూడో రోజు, వారానికి, మళ్లీ పది రోజులకు అడగాలి. చూసి చదివించడం కంటే చూడకుండా చెప్పించడం మేలు. తప్పు చెబితే సరైంది చెప్పి ముందుకు వెళ్లాలి. ‘నిన్న చెప్పావు కదరా’ అన్న మాట మాత్రం వద్దు.

రోజువారీ పనులకు గోడ మీద ఒక పట్టీ అంటించండి: బాక్సు, నీళ్ల సీసా, డైరీ, మాత్ర. గుర్తుపెట్టుకోవాల్సిన భారాన్ని గోడ మోస్తుంది. నిద్ర వేళలు తప్పనివ్వవద్దు. రాత్రి టీవీ, ఫోను, పరీక్షల ముందు తెల్లవార్లూ చదవడం... ఇవి ఫిట్స్‌కూ మంచివి కావు, జ్ఞాపకానికీ మంచివి కావు.

చదువులో ఇబ్బంది కనిపిస్తే ‘ఒకసారి సైకాలజీ పరీక్షలు చేయించమంటారా?’ అని డాక్టరును మీరే అడగండి. తెలివి, ఏకాగ్రత, మాటల జ్ఞాపకం, బొమ్మల జ్ఞాపకం, వేగం... వీటిని విడివిడిగా కొలుస్తారు. ఎక్కడ లోటుందో తెలిస్తే ఎక్కడ బలముందో కూడా తెలుస్తుంది. మాటగా నిలవనిది బొమ్మగా నిలిచే పిల్లలుంటారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే వైద్య బృందాలు చూడాల్సిన జబ్బుల్లో ఫిట్స్ కూడా ఉన్నాయి. అక్కడి నుంచి జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రాలకు పంపిస్తారు. బుద్ధి వికాసంలో లోపమున్న పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ సికింద్రాబాద్‌ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. పరీక్షల్లో బుద్ధిమాంద్యమో, నిర్దిష్ట అభ్యసన లోపమో ఉన్నట్టు తేలితే, ఆ రెండూ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో ఉన్నాయి. ధ్రువపత్రం తీసుకుంటే పరీక్షల్లో వెసులుబాట్లు అడిగే హక్కు వస్తుంది.

మళ్లీ ఆ బల్ల దగ్గరకు

ఆ రోజు డాక్టరు ఆ తండ్రిని ఎక్కాల గురించి అడగలేదు. “బాబు పొద్దున ఎలా లేస్తాడు?” అన్నారు. తండ్రికి తెలియదు. ఇంటికి ఫోను చేశాడు. “కొన్ని రోజులు లేపినా లేవడు. దిండు తడిసి ఉంటుంది. తలనొప్పి అంటాడు. బడి ఎగ్గొట్టడానికి అనుకున్నాను...” అంది అవతలి నుంచి తల్లి. నిద్రలో ఈఈజీ తీశారు. అలజడి అక్కడ కనిపించింది. మందు సరిచేశారు. సైకాలజీ పరీక్షల్లో బాబు తెలివి తోటిపిల్లలతో సమానంగానే ఉందని తేలింది. విన్న మాటల్ని నిలుపుకోవడంలోనే లోటు.

కొన్ని నెలల తర్వాత అదే బల్ల దగ్గర మళ్లీ కనిపించారు. ఏడో ఎక్కం పూర్తిగా వచ్చేసిందా అంటే లేదు. ఏడు ఎనిమిదుల దగ్గర ఇంకా తడబడుతున్నాడు. తండ్రి చొక్కా జేబులో చిన్న క్యాలెండరుంది. ఏ ఎక్కం ఏ రోజు మళ్లీ అడగాలో దాని మీద రాసుకున్నాడు. డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించాక బడివాళ్లు ఇంకో ఏడాది ఉంచుకుంటామన్నారట.

“మొదట్లో వాడు మరిచిపోతే నాకు కోపం వచ్చేది. ఇప్పుడు తేదీ రాసుకుంటున్నా” అన్నాడాయన. కొడుకు ఆ క్యాలెండరు లాక్కుని, ఆ రోజు అడగాల్సిన ఎక్కం ఏమిటో వెతుక్కుంటున్నాడు.